అర్థం ఒకరికి, వాక్యం ఒకరికి: కృష్ణా డెల్టాలో ఆంగ్లపదాభ్యాస చరిత్ర

వ్యాససంగ్రహం

ఆంగ్లపదాలను తెలుగు అర్థాలతోనూ ఉదాహరణ వాక్యాలతోనూ నేర్చుకునే పద్ధతికి కృష్ణా డెల్టాలో సుమారు రెండు శతాబ్దాల పూర్వరంగం ఉంది. అయితే అర్థమూ వాక్యమూ మొదటినుంచీ జంటగా నడవలేదు. ఉదాహరణ వాక్యం ముందుగా తెలుగు నేర్చుకునే ఆంగ్లేయుడికి దక్కింది. ఇంగ్లీషు నేర్చుకునే సామాన్య తెలుగు విద్యార్థి చేతికి చాలాకాలం అర్థాల పట్టికే అందింది. ఈ అసమానత ఎలా ఏర్పడిందో, ఎవరికి నష్టం కలిగించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ద్విభాషా నిఘంటువు, ఉదాహరణ వాక్యం, మచిలీపట్నం, సి.పి. బ్రౌన్, ఆర్డెన్, నోబుల్ పాఠశాల, విజయవాడ.

1. ప్రవేశిక

'రన్' అనే ఆంగ్లక్రియకు 'పరుగెత్తు' అన్న అర్థాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి, కాలువ పారడానికీ దుకాణం నడపడానికీ ఇంగ్లీషులో ఆ క్రియనే వాడతారని ఊహించలేడు. తెలుగు వైపునుంచి చూసినా ఇదే చిక్కు. ఇల్లు కడతాం, చీర కడతాం, శిస్తు కడతాం, గొడ్డును గుంజకు కడతాం. ఈ నాలుగింటికీ ఇంగ్లీషులో నాలుగు వేర్వేరు క్రియలు కావాలి. అర్థం తెలిస్తే పదాన్ని గుర్తుపట్టవచ్చు. దాన్ని వాడాలంటే వాక్యం చూసి ఉండాలి.

ఇది బోధనాపద్ధతికి మాత్రమే సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. కానీ పదానికి తోడుగా వాక్యాన్ని ఎవరు, ఎవరి కోసం సమకూర్చారని అడిగితే ఇది సామాజిక చరిత్రలోకి వస్తుంది. ఆ ప్రశ్నకు కృష్ణా డెల్టాలో, ముఖ్యంగా బందరులో, తగినంత ఆధారం దొరుకుతుంది.

2. బందరు: నేర్చుకునేవాడు ఆంగ్లేయుడు

మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య కూర్చిన 'ఆంధ్రదీపిక' తెలుగు పదాలకు తెలుగులోనే అర్థాలు చెప్పిన అకారాది నిఘంటువు. మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల కంపెనీ యువ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో ఏర్పడింది. ఆ కళాశాలతో సంబంధమున్న ఎ.డి. క్యాంబెల్ 1821లో ప్రచురించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుకు వెంకయ్య కృషి ముఖ్యమైన ఆధారం. అంతకుముందు 1816లో క్యాంబెల్ వ్యాకరణానికి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన ప్రసిద్ధ ఉపోద్ఘాతంలోనూ వెంకయ్య మాటలు ప్రమాణంగా కనిపిస్తాయి. ద్విభాషా నిఘంటువుకు పునాది వేసినవాడు బందరు తెలుగువాడే. దానిని వాడుకున్నవాడు మాత్రం తెలుగు నేర్చుకోవలసిన దొర.

1820లలో కొంతకాలం బందరులో పనిచేసిన సి.పి. బ్రౌన్ ఈ మార్గాన్ని చాలా విస్తరించాడు. 1850ల ఆరంభంలో వెలువడిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో పద్యప్రయోగాల పక్కన వాడుక వాక్యాలు కూడా చోటు చేసుకున్నాయి. తెలుగు వాచకంలో సొంత ఉత్తరాలు, వ్యాపార లేఖలు, పోలీసు, రెవెన్యూ కాగితాలు ఉన్నాయి. సంభాషణల పుస్తకం పూర్తిగా వాక్యాల మీదే ఆధారపడింది. అధికారి రేపు ఉదయం కచేరీలో వినబోయే మాటలు ఏవో బ్రౌన్‌కు బాగా తెలుసు. ఆయన వాక్యాల ఎంపికను నడిపింది ఆ అవసరమే.

ఈ ధోరణి మరింత స్పష్టంగా కనిపించేది ఎ.హెచ్. ఆర్డెన్ వ్యాకరణంలో. చర్చి మిషనరీ సొసైటీ తరఫున మచిలీపట్నంలో పనిచేసిన ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణాన్ని క్రమపాఠాలుగా ప్రచురించాడు. సమృద్ధిగా ఉదాహరణలూ అభ్యాసాలూ ఇస్తున్నట్లు శీర్షికలోనే చెప్పుకున్నాడు. ఒక రూపం, దానికి కొన్ని వాక్యాలు, ఆపైన అభ్యాసం అన్నది ఆయన పద్ధతి. నేటి భాషాబోధన గ్రంథాలు చెప్పే క్రమం దాదాపు ఇదే. బందరులో ఈ పద్ధతి ఒంటి దిక్కున నడిచిందన్నది గమనించదగిన విషయం. ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు పిల్లవాడి కోసం అంత ఓపికగా వాక్యాలు కూర్చిన పుస్తకం ఆనాటి నిఘంటు పరంపరలో ప్రముఖంగా కనిపించదు.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు లేకపోలేదు. జె.సి. మోరిస్ నిఘంటువు రెండు సంపుటాలుగా 1835, 1839లలో వచ్చింది. బ్రౌన్ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆంగ్ల నుడికారాలనూ పదబంధాలనూ తెలుగులో వివరిస్తుంది. పైన చెప్పిన వాదానికి ఇది నిజమైన మినహాయింపు. అయినా అది భారీ సంపుటం. పల్లెటూరి వీధిబడి దాకా వెళ్ళే పుస్తకం కాదు.

3. నోబుల్ బడి: వాక్యం గురువు నోట

రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో ఇంగ్లీషు పాఠశాలను ప్రారంభించి 1865లో మరణించేవరకు అక్కడే పనిచేశాడు. తరవాత అదే నోబుల్ కళాశాలగా ఎదిగింది. ఇక్కడి విద్యార్థికి ఉదాహరణ వాక్యం పుస్తకంలో లేకపోయినా గురువు నోట వినబడింది. రోజంతా ఇంగ్లీషు వినే అవకాశమే అతని నిఘంటువు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి మెట్రిక్యులేషన్ పరీక్ష ఉద్యోగానికి దారి చూపసాగినప్పుడు, ఆ అవకాశం ఉన్న కుటుంబాలు ముందుకు వెళ్ళాయి. రఘుపతి వెంకటరత్నం నాయుడు వంటి అధ్యాపకుడి దగ్గర ఇంగ్లీషు సాహిత్యం విన్న విద్యార్థికీ, ఊళ్ళో అర్థాల పట్టిక వల్లెవేసిన విద్యార్థికీ పరీక్షపత్రం మాత్రం ఒక్కటే.

1910లో అదే పట్టణంలో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. దాని స్థాపకుల్లో ముఖ్యుడైన కోపల్లె హనుమంతరావు నోబుల్ కళాశాల విద్యార్థి. వలస విద్యను ప్రశ్నించడానికి కావలసిన ఇంగ్లీషు కూడా ఆ విద్యనుంచే రావడం బందరు చరిత్రలో పదేపదే కనిపించే వైచిత్రి.

పట్టికల్లోని అర్థానికి ఇంకొక దోషం ఉంది. అందులోని తెలుగు చాలాసార్లు విద్యార్థి తెలుగు కాదు. మొండివాణ్ణి సూచించే ఆంగ్లపదానికి 'దురాగ్రహి' అనీ, వదులుకోవడానికి 'పరిత్యజించు' అనీ అర్థమిస్తే, ఆ అర్థానికి మళ్ళీ అర్థం కావాలి. గ్రాంథిక-వ్యావహారిక వివాదాన్ని సాధారణంగా పాఠ్యపుస్తక రచన కోణంలో చర్చిస్తారు. ఇంగ్లీషు పదాల అర్థాల్లో గ్రాంథికం ఇంకా ఎంతకాలం నిలిచిందన్నది విడిగా పరిశోధించదగిన అంశం.

4. కాలువ గట్టున

పుస్తకం అందనివాడికి ఇంగ్లీషు పదాలు అందలేదనుకుంటే పొరపాటు. బెజవాడ దగ్గర 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్టతో కాలువలూ పడవల రవాణా డెల్టా అంతటా వ్యాపించాయి. ఏలూరు కాలువ, బందరు కాలువలతోపాటు నగరం మధ్యనుంచి పారే రైవస్ కాలువ పేరులో ఒక ఇంగ్లీషు ఇంటిపేరే ఉంది. పడవలు దాటే 'లాక్' రైతు నోట 'లాకు' అయి, బహువచనం చేరి, ఊరి గుర్తుగా స్థిరపడింది. దక్షిణాది భాషల 'అణైకట్టు' ఇంగ్లీషులోకి 'ఆనికట్' రూపంలో వెళ్ళిన సంగతి తెలిసిందే. ఎదురు ప్రవాహం కూడా ఉండేదన్నమాట.

ఈ పదాల్లో 'ఛార్జి' ప్రత్యేకంగా చూడదగినది. కొత్త తహశీల్దారు ఛార్జి తీసుకుంటాడు. పోలీసులు ఛార్జిషీటు వేస్తారు. బస్సు ఛార్జీలు పెరుగుతాయి. బాధ్యత, ఆరోపణ, రుసుము అనే మూడు అర్థాలూ బడి మెట్లెక్కని రైతుకు తెలుసు; ఎక్కడా తడబడడు. ప్రతి అర్థమూ అతనికి ఒక సందర్భంతో, పూర్తి వాక్యంతో చేరింది. పట్టికలో 'ఆరోపణ' అని ఒక్క మాటే చదివిన విద్యార్థి బస్సు ఛార్జీ దగ్గర ఆగిపోవాలి. సిద్ధాంతాలు చెప్పేదానికంటే ఈ ఒక్క పదం ఎక్కువ చెబుతుంది.

5. బెజవాడ అంగడి పుస్తకం

ఇరవయ్యో శతాబ్దంలో విద్యాకేంద్రం బందరునుంచి బెజవాడకు జరిగింది. రైలు కూడలి, ముద్రణ, పత్రికలు, 1937లో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల, 1950లలో ఆంధ్ర లయోలా కళాశాల దీనికి తోడ్పడ్డాయి. ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలనుంచి గైడ్లు, చిన్న నిఘంటువులు, 'ముప్పై రోజుల్లో ఇంగ్లీషు' తరహా పుస్తకాలు కోస్తా అంతటికీ వెళ్ళాయి. ఆంగ్లపదం, తెలుగు లిపిలో ఉచ్చారణ, ఒకటి రెండు అర్థాలు అన్నది వీటిలో పరిచితమైన అమరిక. తక్కువ ధరకు ఎక్కువ పదాలు ఇవ్వాలంటే మొదట తొలగేది వాక్యమే. ఈ పుస్తకాలను చిన్నచూపు చూడడం సులభం. కానీ తెలుగు మాధ్యమంలో చదివిన ఎందరికో ఇంట్లో ఉన్న ఏకైక ఇంగ్లీషు గురువు అదే.

ఆ కాలంలోనే బయట నిఘంటు నిర్మాణం దిశ మార్చుకుంది. బెంగాల్‌లో విద్యాధికారిగా పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన సుమారు 2000 పదాల జాబితాలో ఒక్కొక్క పదానికి ఏ అర్థం ఎంత తరచుగా వస్తుందో లెక్కలు ఇచ్చాడు. ఎ.ఎస్. హార్న్‌బీ జపానులో తయారుచేసి 1942లో టోక్యోలో వెలువరించిన నిఘంటువు, 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగా ప్రపంచానికి పరిచయమైంది. ఇంగ్లీషు మాతృభాష కానివారికోసం వాక్యనిర్మాణాలనూ ఉదాహరణలనూ అది కేంద్రంలో నిలిపింది. 1987 నాటి కోబిల్డ్ నిఘంటువు వాస్తవ వాడుకనుంచి సేకరించిన వాక్యాలపై నిలబడింది. హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడడంతో ఈ ఆలోచనలు అధ్యాపక శిక్షణలోకి వచ్చాయి. అయినా పల్లె విద్యార్థి చేతిలోని అంగడి పుస్తకం పాత అమరికలోనే చాలాకాలం కొనసాగింది.

ఇటీవల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో పరిస్థితి మారింది. 2019లో ఆంగ్లమాధ్యమంపై వచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తరవాత ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఉన్నత తరగతుల పిల్లలకు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు-ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పంపిణీ అయింది. 2022లో రోజుకొక ఇంగ్లీషు పదం నేర్పే కార్యక్రమం మొదలైంది. ఆర్డెన్ కాలంలో బందరు దొరకు దక్కిన ఉదాహరణ వాక్యం ఇలా ప్రభుత్వబడి పిల్లల సంచిలోకి చేరింది. వరిచేను, కాలువ, లాకులు, ఛార్జీలు ఆ వాక్యాల్లో ఎంతవరకు కనిపిస్తాయో, కనిపించనిచోట ఉపాధ్యాయులు నల్లబల్ల మీద ఏ వాక్యం రాస్తున్నారో నమోదు చేసే పని డెల్టా పాఠశాలల్లో ఇంకా ముందే ఉంది.