మెట్లు ఎవరివి? సత్రం ఎవరిది?



కొండవీడు ఎక్కినప్పుడల్లా నా విద్యార్థులు రెడ్డిరాజుల గొప్పలు అడుగుతారు. ఆ వంశంలో మొదటి రాజు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. నడిచి వచ్చే భక్తులకు అది పెద్ద మేలే. కట్టించిన రాజు పేరు మనకు తెలుసు. రాళ్లు మోసినవాళ్ల పేర్లు తెలియవు.

నడిచేవాళ్లకు మెట్లొక్కటే చాలవు. రాత్రికి తలదాచుకునే చోటు కావాలి. మా నాయనమ్మ శివరాత్రికి కోటప్పకొండకు నడిచి వెళ్లేది. దారిలో ఒక సత్రం ఉండేది. ఆమె పడుకున్నది మాత్రం దాని ఎదుటి చెట్టు కింద.

ఇదే పల్నాడులో, వినుకొండలో 1895లో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' రాశారు. అందులో అరుంధతీసుతుడు కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపుతాడు. మేఘసందేశం ఫక్కీ అని చెప్పి క్లాసులో దాటేస్తాం. యక్షుణ్ణి ఆపింది శాపం. ఇతణ్ణి ఆపింది కులం. గుడిలోకి గబ్బిలం పోగలదు, అతను పోలేడు.

1955 అస్పృశ్యతా నేరాల చట్టం ధర్మశాలలను, వాటిలోని గిన్నెలను కూడా పేరుపెట్టి చెప్పింది. తలుపులు అందరికీ తెరిచే ఉంటే ఆ మాట రాయాల్సిన పనేముంది?

సత్రాల గోడల మీద దాతల పేర్లుంటాయి. బయట పడుకున్నవాళ్ల పేర్లు మీ ఇంటి పెద్దల్ని అడిగి రాసిపెట్టండి. అదీ చరిత్రే.

జై భీమ్.