మచ్చలు పెరిగితే తగ్గే కిరణాలు

1912 ఏప్రిల్ 17న యూరప్‌లో సూర్యగ్రహణం. ఆ సమయానికి ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో ఆకాశంలో ఉన్నారు. గాలిని విద్యుదావేశపరిచే కిరణమేదో పైనుంచి వస్తోందన్న అనుమానం అప్పటికే ఉంది. అది సూర్యుడి నుంచే వస్తుంటే, చంద్రుడు అడ్డొచ్చినప్పుడు తగ్గాలి. తగ్గలేదు. ఆగస్టు 7న ఆయన 5 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు వెళ్ళి చూస్తే, నేల మీదకన్నా అక్కడ ఆ కిరణాల తాకిడి ఎంతో ఎక్కువగా ఉంది. అలా విశ్వకిరణాలు లోకానికి తెలిశాయి, హెస్‌కు 1936లో నోబెల్ వచ్చింది. వాటికి మూలం సూర్యుడు కాదన్న మాట కూడా స్థిరపడింది.

ఆ మాట చాలావరకు నిజమే. అయితే ఎక్కడో దూరాన పుట్టిన ఆ కిరణాల్లో మనదాకా ఎన్ని చేరాలో చెప్పేది మాత్రం సూర్యుడేనని తెలియడానికి మరో పాతికేళ్ళు పట్టింది.

ఆ సంగతి బయటపెట్టింది స్కాట్ ఫోర్‌బుష్. వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థ భూ అయస్కాంత విభాగంలో పనిచేసేవారు. ఆయన పేరు భౌతికశాస్త్రం చదివినవాళ్ళలోనూ చాలామందికి తెలియదు. ఈ చరిత్రలో నాకు అందరికన్నా గౌరవం ఆయన మీదే. ఆయన చేసిందల్లా ఏళ్ళ తరబడి ఒకే కొలతను వదలకుండా తీసుకోవడం, దాన్ని నిజాయితీగా లెక్కగట్టడం. భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ బృందం రూపొందించిన పరికరం ఆయన చేతికొచ్చింది. అధిక ఒత్తిడితో ఆర్గాన్ వాయువు నింపిన ఉక్కు గోళం, దాని చుట్టూ సీసపు గుళ్ళ కవచం, లోపల పుట్టే అతి స్వల్ప విద్యుత్తును ఫొటో కాగితం మీద రాత్రింబవళ్ళు నమోదు చేసే ఏర్పాటు. అమెరికాలోని చెల్టెన్‌హామ్, పెరూ కొండల్లోని హువాన్‌కాయో, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్, గ్రీన్‌లాండ్‌లోని గోడావ్న్ కేంద్రాల్లో వీటిని అమర్చారు. వాతావరణ పీడనం మారినా అంకెలు మారతాయి కాబట్టి, ఆ ప్రభావాన్ని తీసేశాకే అసలు మార్పు బయటపడుతుంది. ఆ ఓపిక ఆయనకుంది.

1937 ఏప్రిల్‌లో భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసే పెద్ద అయస్కాంత తుఫాను వచ్చింది. చెల్టెన్‌హామ్‌లోనూ, వేల కిలోమీటర్ల దూరంలోని హువాన్‌కాయోలోనూ విశ్వకిరణాలు ఒకేసారి పడిపోయాయి. అలాంటి తగ్గుదలను ఈనాటికీ ఫోర్‌బుష్ తగ్గుదల అనే అంటారు.

1942 ఫిబ్రవరి 28న దీనికి పూర్తిగా విరుద్ధమైనది జరిగింది. కిరణాలు ఉన్నట్టుండి పెరిగాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, జర్మనీతో యుద్ధంలో ఉన్న బ్రిటన్ రాడార్లను విపరీతమైన రొద ముంచెత్తింది. జర్మన్ల పనేమోనని ఆరా తీసిన బ్రిటన్ శాస్త్రవేత్త జె.ఎస్. హే, అది సూర్యుడి మీది ఒక పెద్ద మచ్చ దగ్గర పుట్టిన రేడియో తరంగాలని గుర్తించారు. సూర్యుడి మీద పేలుళ్ళు జరిగినప్పుడు అక్కడి నుంచీ విశ్వకిరణ కణాలు దూసుకొస్తాయని ఫోర్‌బుష్ 1946లో ప్రకటించారు. హెస్ చెప్పినదానికి ఓ మినహాయింపు దొరికింది.

అసలైన ఫలితం 1954లో వచ్చింది. 1937 నుంచి 1952 దాకా పోగుచేసిన కొలతలను సూర్యుడి మచ్చల సంఖ్య పక్కన పెడితే, ఒకటి ఎక్కినప్పుడల్లా రెండోది దిగుతోంది. సుమారు 11 ఏళ్ళకోసారి తిరిగే చక్రం అది. పదిహేనేళ్ళ ఓర్పు లేకపోతే అది కనబడేదే కాదు.

కారణం చెప్పినవారు షికాగోలోని శాస్త్రవేత్త యూజీన్ పార్కర్. సూర్యుడి నుంచి నిరంతరం ఒక గాలి వీస్తుందని, తనతోపాటు అయస్కాంత క్షేత్రాన్నీ లాక్కుపోతుందని 1958లో ఆయన రాసిన వ్యాసాన్ని సమీక్షకులు తోసిపుచ్చారు. అయినా పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ దాన్ని అచ్చు వేశారు. ఆ గాలి వేగం సెకనుకు దాదాపు 400 కిలోమీటర్లు. అందులోని అయస్కాంత చిక్కుముళ్ళకు తగిలి అటూ ఇటూ చెదురుతూ, ఏటికి ఎదురీదే చేపలా కిరణం లోపలికి రావాలి. శక్తి తక్కువైనవి చాలావరకు వెనక్కే కొట్టుకుపోతాయి. మచ్చలు పెరిగి సూర్యుడు ఉధృతంగా ఉన్నప్పుడు చిక్కుముళ్ళు ఎక్కువ, వచ్చే కిరణాలు తక్కువ. సూర్యుడి మీద పెద్ద విస్ఫోటం ఒక అయస్కాంత మేఘాన్ని విసిరితే, దాని వెనక కొన్ని రోజులపాటు కిరణాల కొరత; ఫోర్‌బుష్ తగ్గుదల అదే. 1960లో భూమికి దూరంగా ఉన్న పయనీర్ 5 నౌక కూడా అలాంటి తగ్గుదలను నమోదు చేయడంతో, అది భూ అయస్కాంతం వల్ల వచ్చింది కాదని తేలిపోయింది.

మన దేశంలో ఈ ప్రశ్నను పట్టుకున్నది విక్రమ్ సారాభాయ్. అంతరిక్ష కార్యక్రమం ముందు ఆయన పని ఇదే. బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర విశ్వకిరణాలు కాలంతోపాటు ఎలా మారతాయో కొలిచారు, 1947లో అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీని స్థాపించారు. మన హైదరాబాద్‌కూ ఇందులో చోటుంది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండటం వల్ల తక్కువ శక్తి కిరణాలు ఇక్కడిదాకా రాలేవు. టాటా ఇన్‌స్టిట్యూట్ హైదరాబాద్ బెలూన్ కేంద్రానికి ఇది కలిసొచ్చింది. సూర్యుడి చక్రం ప్రభావం కూడా ధ్రువాల దగ్గరకన్నా ఇక్కడ బాగా తక్కువ.

పరికరాలు లేని కాలాల లెక్క చెట్లు రాసిపెట్టాయి. విశ్వకిరణాల తాకిడికి గాలిలోని నైట్రోజన్ నుంచి పుట్టే కార్బన్-14 ఏటేటా కాండం వలయాల్లో చేరుతుంది. సూర్యుడి మచ్చలు దాదాపు మాయమైన 1645–1715 మధ్య వలయాల్లో అది ఎక్కువగా ఉంది. 2012లో ఫూసా మియాకే బృందం జపాన్ దేవదారుల్లో క్రీ.శ. 774–775లో కార్బన్-14 ఉన్నట్టుండి ఎగసిన గుర్తును కనిపెట్టింది. సూర్యుడే విసిరిన కణాల తుఫాను దానికి కారణమని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. 993 నాటి అలాంటి గుర్తు నుంచి వలయాలు లెక్కించే, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో వైకింగులు 1021లో చెట్లు నరికారని చెప్పగలిగారు.

2012 ఆగస్టులో వోయేజర్ 1 నౌక సౌరగాలి పరిధి దాటింది, విశ్వకిరణాల లెక్క ఒక్కసారిగా పెరిగింది. అంగారకుడికి మనుషుల్ని పంపాలనుకునేవారికి ఇప్పుడు ఈ కిరణాలే చిక్కు. సూర్యుడు శాంతంగా ఉంటే దూరపు కిరణాలు ఎక్కువ, వాటిని మందపాటి గోడలూ సరిగా ఆపలేవు. సూర్యుడు ఉధృతంగా ఉంటే అవి తగ్గుతాయి, అయితే 1972 ఆగస్టులో, అపోలో 16, 17 యాత్రల మధ్య విరుచుకుపడినలాంటి కణాల తుఫాను వచ్చే ప్రమాదముంది. ఆ తుఫాను నుంచి గోడల చాటున దాక్కోవచ్చు కాబట్టి ఉధృతి ఎక్కువగా ఉన్న ఏళ్ళలోనే బయల్దేరడం మేలని కొందరు శాస్త్రవేత్తలు వాదిస్తున్నారు.