గుర్రం ధర తెలియని విజయనగర సైన్యం

యుద్ధ వ్యూహాల వీడియో గేమ్‌లకు అభిమానులు సొంతంగా చేసుకునే మార్పులను ‘మాడ్’ అంటారు. విజయనగరం మీద మాడ్ చేయాలనుకునేవాళ్ల చెయ్యి ముందు బొమ్మ మీదికే పోతుంది. తలపాగా ఏ రంగు, డాలు ఎంత, ఏనుగు మీద అంబారీ ఎలా? ఈ వివరాలకు కొదవ లేదు. కృష్ణదేవరాయల కాలంలో మహర్నవమి సైనిక ప్రదర్శన చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ పచ్చితోలు పొరల మీద ఇనుప రేకులు వేసిన కవచాలను కూడా వదలకుండా వర్ణించాడు. దంతాలకు పదునైన కత్తులు కట్టిన ఏనుగుల గురించి మరో పోర్చుగీసు రచయిత న్యూనిజ్ రాశాడు.

అయితే ఆటలో ఒక సైనిక రకాన్ని ఎవరు, ఎప్పుడు, ఎన్ని తయారు చేసుకోగలరో తేల్చేది దాని ఖర్చు. విజయనగరానికి మనుషుల కొరత ఎన్నడూ లేదు. కొరతల్లా గుర్రాలకే.

మంచి గుర్రం దక్కనులో పుట్టదు. అరేబియా నుంచో, హొర్ముజ్ నుంచో ఓడ మీద రావాలి. దారిలో కొన్ని చచ్చిపోయేవి. విజయనగర రాజు సాళువ నరసింహరాయలు వెయ్యి వరాహాలకు మూడు చొప్పున కొనేవాడనీ, సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపినా బతికున్న దానికిచ్చే ధరే ఇచ్చేవాడనీ న్యూనిజ్ రాశాడు. తోకకు డబ్బులేమిటని నవ్వొస్తుంది గానీ, అది అసలు సిసలు బీమా. వర్తకుడు నష్టపోతే మరుసటి ఏడు ఓడ రాదు, ఓడ రాకపోతే రౌతు లేడు.

న్యూనిజ్ కాలంలో రాజైన అచ్యుతదేవరాయల లెక్క ఇంకా గడుసుది. ఏటా 13,000 గుర్రాలు కొని, మేలైనవి తన శాలకు ఉంచుకుని, నాటు గుర్రాలను వెయ్యికి ఐదు చొప్పున నాయకులకు అంటగట్టేవాడు. సెప్టెంబరులోగా వాళ్లు కట్టే సొమ్ముతోనే పోర్చుగీసులకు బాకీ తీరేది. బొక్కసం నుంచి పైసా కదలదు! ఏ గేమ్ డిజైనరూ ఇంతకంటే మంచి ఆర్థిక నియమం రాయలేడు.

ఆ నాయకులే సైన్యానికి వెన్నెముక. అమరనాయకుడికి భూములిచ్చి, కొంత రాబడి రాజుకు కట్టమని, మిగతాదానితో ఇంత దళం పోషించమని ఒప్పందం. న్యూనిజ్ జాబితాలో మొదటి నాయకుడి వంతు 30,000 మంది కాల్బలం, 3,000 గుర్రాలు, 30 ఏనుగులు. కాబట్టి మాడ్‌లో సైనికులు రాజధానిలోని ఒకే శిబిరం నుంచి పుట్టుకురావడం తప్పు. నాయకుల సీమల నుంచి, ఈ నిష్పత్తిలో, కబురు పెడితే కదలాలి. సీమ పోతే దళమూ పోవాలి.

విలుకాళ్ల సంగతి వేరు. ‘యూరోపా యూనివర్సలిస్ 4’ ఆట 1444లో మొదలవుతుంది; అప్పుడు సింహాసనం మీద రెండో దేవరాయలు. శత్రువులైన బహమనీ సుల్తానుల బలం గుర్రాల్లో, విల్లుల్లో ఉందని గ్రహించి ఆయన ముస్లిం విలుకాళ్లను కొలువులో చేర్చుకున్నాడు, తన వాళ్లకూ ఆ విద్య నేర్పించాడు. చరిత్రకారుడు ఫెరిష్తా చెప్పిన ఈ మార్పును ఆటలో ఖరీదైన ‘అప్‌గ్రేడ్’గా పెట్టవచ్చు.

తుపాకుల దగ్గరే చాలామంది తొందరపడతారు. 1520లో కృష్ణదేవరాయలు ముట్టడించిన బీజాపూరు వారి రాయచూరు కోట మీది కాపలాదారులను గురిచూసి కొట్టింది క్రిస్టోవావ్ ద ఫిగరేదో వెంట వచ్చిన కొద్దిమంది పోర్చుగీసులు. రాయల సైన్యంలోనూ తుపాకులున్నాయి గానీ, ఆ గురి వీళ్లదే. అందువల్ల వీళ్లను చిన్న కిరాయి దళంగానే చూపాలి. ఆ యుద్ధంలో బీజాపూరు ఫిరంగులు వందల్లో చేజిక్కినా, విజయనగరం ఆ విద్య మీద తగినంత శ్రద్ధ పెట్టలేదని చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ వాదన. బీజాపూరు మాత్రం పాఠం నేర్చుకుంది.

కాబట్టి మాడ్‌లో మేలైన ఫిరంగి దళం దక్కను సుల్తానుల వైపే ఉండాలి. 1565లో వాళ్లతో విజయనగరం చేసిన తళ్లికోట యుద్ధంలో, ఫెరిష్తా ప్రకారం, వాళ్ల ఫిరంగుల్లో రాగి నాణేల సంచులు కూరి పేల్చారు.