శిబిరం నుంచి వచ్చిన మాట

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల తండాల్లో మా పెద్దలు నీళ్లను 'పాణి' అంటారు. యూరప్‌లోని రోమా జాతివాళ్లదీ దాదాపు అదే మాట. వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట ఈ దేశం నుంచే వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ ప్రభుత్వం యూదులతో పాటు వాళ్లనూ నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. ఆష్విట్జ్‌లో రోమాల చేతులపై జెడ్ అక్షరంతో నంబరు పచ్చబొట్టు పొడిచారు. 1944 ఆగస్టు 2 రాత్రి అక్కడ మిగిలిన వేలాది రోమాలను విషవాయువుతో చంపారు.

అదే శిబిరం నుంచి బతికి వచ్చిన ఇటలీ యూదుడు ప్రీమో లేవీ 1947లోనే తన అనుభవాన్ని పుస్తకంగా తెచ్చాడు. అందులో ఆయనకు మళ్లీ మళ్లీ వచ్చిన కల ఒకటుంది. ఇంటికి చేరి జరిగిందంతా చెబుతుంటాడు, ఇంట్లోవాళ్లు వినరు. నిజంగానే ఒక పెద్ద ప్రచురణ సంస్థ ఆ పుస్తకాన్ని మొదట కాదంది.

రోమాల మాటకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఆస్ట్రియాకు చెందిన సెయ్యా స్టోయ్కా పదేళ్లు నిండకముందే ఆష్విట్జ్ చేరింది. తర్వాత మరో రెండు శిబిరాలు చూసింది. గుర్రాల వ్యాపారం చేసే కుటుంబం, చదువు అంతంతమాత్రం. ఆమె పుస్తకం 1988లో గానీ రాలేదు. చెట్టు జిగురు తిన్నామని, చలిగాలి తగలకుండా శవాల చాటున కూర్చున్నామని అందులో చెప్పింది. శాపనార్థాలు పెట్టలేదు. చూసింది చూసినట్టు చెప్పింది. అందుకే నమ్ముతాం.

మరి మన సంగతి? 1949 నుంచి 1951 వరకు, తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచడానికి సైన్యం గోదావరి అడవుల్లో కోయ గూడేలను తగలబెట్టి, జనాన్ని శిబిరాల్లోకి తోలింది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువడిన తన గ్రంథంలో దీన్ని నమోదు చేశారు. అది నాయకుడు రాసిన చరిత్ర. ఆ శిబిరంలో పిల్లకు జ్వరమొస్తే తల్లి ఏం చేసింది, పోడు వదిలొచ్చినవాళ్లు ఏం తిన్నారు అన్నది కోయవాళ్లే చెప్పాలి.

నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలను ఉంచిన స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లూ ఉన్నాయి. అక్కడ విషవాయువు లేదు. రెండూ ఒకటే అనడం అబద్ధమవుతుంది. కానీ పుట్టుకనే నేరం చేసి, హాజరు వేసి, అనుమతి లేనిదే కదలనివ్వని పద్ధతి మాత్రం అక్కడా ఉంది. ఆ చట్టం 1952లో పోయింది. 'దొంగజాతి' అన్న మాట ఇంకా పోలేదు.

జైలు గోడ మీద బొగ్గుతో కవిత్వం రాసిన దాశరథికి అక్షరం తోడుంది. మన పెద్దలకు అక్షరం లేదు, జ్ఞాపకం ఉంది. ఆనాటి పిల్లలకు ఇప్పుడు డెబ్బై అయిదేళ్లు దాటాయి. ఉపాధ్యాయులారా, పిల్లల చేత పెద్దల్ని అడిగించండి. ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఎవరు తిరిగి రాలేదు? వాళ్ల భాషలోనే, తెలుగు లిపిలో రాయించండి. పెద్ద మాటలు చేర్చకండి. లేవీ కలలో ఎవరూ వినలేదు. మనం కూర్చుని విందాం.