ఆన్‌లైన్ వేలంలో శాతవాహన నాణెం: పాఠ ప్రామాణ్య విచారం

శాతవాహనుల కాలపు దేశభాషను తెలిపే ఆధారాలు చాలా తక్కువ. శాసనాలు ప్రాకృతంలో ఉన్నాయి. ఈ స్థితిలో రాజు ముఖచిత్రం గల వెండి నాణేలు భాషాచరిత్రకారునికి విలువైనవి. వీటిపై రెండు లేఖనాలు ఉంటాయి. రెండింటి లిపీ బ్రాహ్మీయే. ముందువైపు భాష ప్రాకృతం కాగా వెనుకవైపుది ద్రావిడం. ప్రాకృతంలో 'సిరి', 'పుతస' అని ఉన్నచోట రెండవ వైపున 'తిరు' లేదా 'హిరు', 'మకనకు' అనే రూపాలు కనిపిస్తాయి. ఇది తమిళమా, దక్కను ప్రాంతపు మరొక ద్రావిడ మాండలికమా అన్న చర్చ పండితులలో ఉన్నది. ఆ చర్చకు ఆధారాలలో 'కు' అనే ఒక్క ప్రత్యయం ముఖ్యమైనది.

ఇటువంటి నాణేలు నేడు ఆన్‌లైన్ వేలాలలో అమ్మకానికి వస్తున్నాయి. సేకర్తకు నకిలీ నాణెం వలన కలిగేది ధననష్టం. పరిశోధకునికి కలిగే నష్టం అంతకంటె పెద్దది. సుమారు 2 గ్రాముల తూకం గల ఈ చిన్న నాణెం అంచున అక్షరాలు తరచుగా అరిగి ఉంటాయి, లేదా అచ్చు పక్కకు జరగడం వలన సగమే పడి ఉంటాయి. లేఖనం స్పష్టంగా ఉన్న నాణేనికి ధర ఎక్కువ. అందువలన అసలైన నాణెంమీదనే అరిగిన అక్షరాలను సన్నని పనిముట్టుతో చెక్కి 'బాగుచేసే' అవకాశం ఉన్నది. లోహం ప్రాచీనమే, అక్షరం మాత్రం అధునాతనం. తాళపత్ర ప్రతిలో చేరిన ప్రక్షిప్తానికి ఇది సమానం. కనుక వేలంలో నాణెం కొనడమంటే ఒక పాఠాన్ని స్వీకరించడమే; పాఠపరిష్కర్త పాటించే నియమాలే ఇక్కడా వర్తిస్తాయి.

మొదటి నియమం ప్రతి చరిత్రను తెలుసుకోవడం. 1882లో భగవాన్‌లాల్ ఇంద్రజీ సోపారా స్తూపాన్ని త్రవ్వినప్పుడు ధాతుకరండంలో యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం దొరికింది. దొరికిన చోటు తెలిసినందున ఆ నాణెం స్తూపచరిత్రకు కూడ సాక్ష్యమైంది. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో బయటపడిన నిధిలో 13 వేలకు పైగా నహపానుని నాణేలు ఉండగా, వాటిలో మూడింట రెండు వంతులకు పైగా గౌతమీపుత్ర శాతకర్ణి పునర్ముద్రించినవి. పునర్ముద్రితమైన ఒక్క నాణెం ఒక విజయాన్ని సూచిస్తుంది. ఆ విజయం ఎంత విస్తృతమైనదో నిధి మొత్తం కలిసి ఉన్నందుననే తెలిసింది. కోటిలింగాలలో దొరికిన చిముకుని నాణేలను పి.వి.పరబ్రహ్మశాస్త్రి ప్రకటించిన తరువాత శాతవాహనుల తొలి నివాసం గురించిన చర్చలో గోదావరి తీరానికి స్థానం లభించింది. అవే నాణేలు ఊరూ పేరూ లేక వేలంలోకి వచ్చి ఉంటే ఆ సాక్ష్యం పలికేది కాదు.

రెండవ నియమం ప్రతులను పోల్చడం. ఒకే దోషం రెండు ప్రతులలో ఉంటే వాటికి మాతృక ఒకటేనని పరిష్కర్త గ్రహిస్తాడు. నాణేల విషయంలో దీనిని కొంత జాగ్రత్తతో అన్వయించాలి. ఒకే అచ్చుతో ముద్రించిన రెండు అసలు నాణేలలో చిత్రం, అక్షరాలు, అచ్చులోని పగులు ఒకటిగా ఉండవచ్చు. కాని అంచు ఆకారం, అచ్చు పడిన స్థానం, వాడుకలో కలిగిన గీతలు వేర్వేరుగా ఉండాలి. ఇవి కూడ సరిపోలినట్లయితే రెండింటిలో ఒకటైనా పోత పోసినదని అనుమానించాలి. గాలిబుడగల గుంటలు, అంచున అతుకు గీత ఆ అనుమానాన్ని బలపరుస్తాయి. వేలం సంస్థలు పాత వేలాల చిత్రాలను భద్రపరచినచోట ఈ పోలిక ఇంటినుండే సాధ్యం. ఆన్‌లైన్ పద్ధతి పరిశోధకునికి చేసిన మేలు ఇది.

మూడవది చట్టబద్ధత. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువగల నిధిని కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తు చట్టం నూరేళ్లు నిండిన నాణేన్ని పురావస్తువుగా పరిగణిస్తుంది; అటువంటి వస్తువుల వ్యాపారానికి లైసెన్సు అవసరం, ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నిషిద్ధం. 'ఇటీవల పొలంలో దొరికింది' అన్న అమ్మకందారుని మాట ప్రామాణ్యానికి హామీ కాదు. అది హెచ్చరికగా గ్రహించదగినది.

ఈ మూడింటినుండి ఆచరణ ఏర్పడుతుంది. పాట పాడటానికి ముందే తూకం, వ్యాసం, రెండు వైపులా అంచూ కనిపించే చిత్రాలు, పూర్వపు యజమాన్యపు వివరాలు అడగాలి. నకిలీ అని తేలితే తిరిగి తీసుకునే నిబంధన, గడువు చదవాలి. పాటధరకు చేరే రుసుమును, పన్నును ముందే లెక్కించి గరిష్ఠ మొత్తాన్ని నిర్ణయించుకోవాలి. వేలం వేదికను తప్పించి నేరుగా డబ్బు పంపమనే ప్రతిపాదనను నిరాకరించాలి. కొన్న తరువాత బిల్లును, వేలం క్రమసంఖ్యను, వివరణను నాణెంతోపాటు భద్రపరచాలి. రేపటి పరిశోధకునికి అదే ప్రతి చరిత్ర.

వేలంలో చూసిన పాఠాన్ని వ్యాసంలో ఉదహరించేవారికి కూడ ఇదే బాధ్యత వర్తిస్తుంది. దొరికిన చోటు తెలియని నాణెంమీది కొత్త రూపాన్ని, స్థలం తెలిసిన నాణేలు సమర్థించేవరకు, సందిగ్ధ పాఠంగానే చూపడం ఉచితం. 'కు' ప్రత్యయం ప్రాచీన ముద్రాపకునిదో నేటి చెక్కడపువానిదో తేల్చిన తరువాతనే అది భాషాచరిత్రలో చేరాలి.