గూఢచారి వారసులెవరు?

రచయిత పోయాక అతని నవల మిగలడం సాహిత్యంలో మామూలు విషయమే. రచయిత పోయాక అతని కథానాయకుడు ఇంకొకరి చేత కొత్త నవలలు రాయించుకుంటూ బతకడం మాత్రం విచారించదగిన విషయం. ఇంగ్లీషు రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ 1964 ఆగస్టు 12న చనిపోయాడు. అతను 1953లో సృష్టించిన గూఢచారి జేమ్స్ బాండ్ నేటికీ చావలేదు. ఫ్లెమింగ్ పేరుమీద ఉన్నవి 12 నవలలు, 2 కథాసంపుటాలు. అతని తర్వాత, హక్కుదార్ల అనుమతితో, ఇతరులు రాసినవి అందుకు రెట్టింపుకు తక్కువ కావు.

ఇది మనకు సంబంధించని గొడవ అని కొట్టిపారేయడానికి లేదు. ఫ్లెమింగ్ పోయిన రెండేళ్ళకే, 1966లో, కృష్ణ కథానాయకుడుగా ‘గూఢచారి 116’ మన తెరమీదికి వచ్చింది. 1971లో ‘జేమ్స్‌బాండ్ 777’ వచ్చింది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, ఆ తర్వాత మధుబాబు షాడో, తెలుగు దేశంలో ఊరూరా అద్దె పుస్తకాల దుకాణాలను పోషించారు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర కూర్చున్న గుమాస్తా, కాలేజీకి పోయే కుర్రాడు, రైలుకోసం ఎదురుచూసే ప్రయాణీకుడు చదివింది ఈ పుస్తకాలనే గాని మన విమర్శకులు చర్చించుకున్న పుస్తకాలను కాదు. లక్షలమంది చదివినదాన్ని చవకబారు సరుకని వదిలేయడం విమర్శకుడికి సుఖంగా ఉంటుంది. అయితే ఆ సరుకు ఎవరి గోదాములోంచి వచ్చిందో చూడకపోతే మన పని సగంలోనే ఆగిపోయినట్లు.

బాండ్ ఎందుకు చావలేదు? పాఠకులకు మోజు తీరలేదు గనుక అని వ్యాపారులు చెబుతారు. ఈ జవాబు చాలదు. అనకాపల్లి పక్కనున్న తుమ్మపాల స్వగ్రామంగా గల, 1922లో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 1993లో పోయేనాటికి ‘రాజు-మహిషి’, ‘రత్తాలు-రాంబాబు’ నవలలు అసంపూర్తిగానే ఉన్నాయి. తర్వాత ఏమైందని తెలుసుకోవాలనే ఆత్రం వాటి పాఠకులకు తక్కువేమీ లేదు. అయినా అవి అసంపూర్తిగానే నిలిచిపోయాయి. పాఠకుడి మోజు ఒక్కటే ఏ పాత్రనూ బతికించలేదు. బాండ్‌ను బతికించినది ఏమిటో తెలియాలంటే నవలలను పక్కన పెట్టి ముందు దస్తావేజులు చూడాలి.

ఫ్లెమింగ్ తొలి నవల ‘కాసినో రాయల్’ను 1952లో జమైకాలోని తన బంగళాలో రాశాడు. అదే ఏడాది గ్లిడ్‌రోజ్ అనే చిన్న కంపెనీని కొని, తన రచనల హక్కులు దానికి రాసి ఇచ్చాడు. అంటే బాండ్ లోకానికి పరిచయం కాకముందే ఒక కంపెనీ ఆస్తి అయ్యాడన్నమాట. 1964లో, తాను చనిపోవడానికి కొద్ది నెలల ముందు, ఆ కంపెనీలో 51 శాతం వాటా అమ్మేశాడు. రాబడిమీద పడే భారీ పన్నునుంచి వెసులుబాటు కోసం చేసిన ఏర్పాటు అది. కొన్నది పుస్తక ప్రచురణ సంస్థ కాదు. బ్రిటిష్ గయానాలో చెరకు తోటల యజమాని బూకర్ కంపెనీ! దాని అధిపతి జాక్ క్యాంప్‌బెల్ ఫ్లెమింగ్‌కు స్నేహితుడు.

చెరకు కంపెనీకి గూఢచారితో ఏం పని అని చెరకు పండించే ఊరివాళ్ళకు అనుమానం రావడం సహజం. ఆ అనుమానం తీరాలంటే గయానా చరిత్ర కొంత చెప్పుకోక తప్పదు. దక్షిణ అమెరికా ఈశాన్య తీరంలోని ఆ వలసలో బానిసత్వం రద్దయ్యాక, తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1838 నుంచి 1917 దాకా సుమారు 2,39,000 మంది భారతీయులను కట్టుకూలీలుగా ఓడలెక్కించారు. ఎక్కువమంది కలకత్తా రేవునుంచి వెళ్ళినవాళ్ళు. మద్రాసు రేవునుంచి వెళ్ళిన కొద్దిమందిలో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ చెరకు తోటల్లో అధిక భాగం క్రమంగా బూకర్ చేతికిందికి వచ్చాయి. తోట, మిల్లు, దుకాణం, ఓడ అన్నీ కంపెనీవే కావడంతో ఆ దేశాన్ని జనం ‘బూకర్ గయానా’ అని పిలిచేవారు.

1948 జూన్ 16న ఎన్‌మోర్ తోటలో సమ్మె చేస్తున్న కూలీలమీద పోలీసులు కాల్పులు జరిపారు. అయిదుగురు చనిపోయారు. ఆ అయిదుగురి పూర్వులూ మన దేశంనుంచి ఓడలెక్కినవాళ్ళే. ఆ చావులను కళ్ళారా చూసిన తరంనుంచి చెడ్డీ జగన్ నాయకుడయ్యాడు. 1953 ఏప్రిల్ నెలాఖరులో జరిగిన ఎన్నికల్లో అతని పార్టీ గెలిచింది. అదే నెల 13న లండన్‌లో ‘కాసినో రాయల్’ విడుదలయింది. జగన్ ప్రభుత్వం 133 రోజులు నడిచింది. అక్టోబరులో బ్రిటన్ సైన్యాన్ని దింపి, రాజ్యాంగాన్ని సస్పెండ్ చేసి, ఆ ప్రభుత్వాన్ని కూలదోసింది. కమ్యూనిస్టు ప్రమాదం అన్నది అందుకు చూపిన సాకు. బ్రిటిష్ గూఢచారి శాఖ జగన్‌ను ఏళ్ళ తరబడి వెన్నాడిన సంగతి 2011లో బయటపెట్టిన దస్త్రాల్లో ఉంది. మళ్ళీ అధికారంలోకి వచ్చిన జగన్‌ను దించడానికి 1963-64లో అమెరికా సి.ఐ.ఏ. సాయపడింది. 1964 డిసెంబరులో, లండన్ మార్చి ఇచ్చిన ఎన్నికల పద్ధతి ప్రకారం జరిగిన ఎన్నికలతో అతను పదవి పోగొట్టుకున్నాడు.

ఒకే సంవత్సరంలో జరిగిన ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. చెరకు దేశంలో నిజమైన గూఢచారులు ఒక ప్రజాప్రభుత్వాన్ని పడగొట్టే పనిలో ఉండగా, కల్పిత గూఢచారి చెరకు కంపెనీ సొత్తయ్యాడు. దీని వెనక ఎవరో కూర్చుని కుట్ర పన్నారని నేననడం లేదు. క్యాంప్‌బెల్ తన వర్గంలో ఉదారుడు. కూలీల ఇళ్ళు బాగుచేయించినవాడు. కుట్ర అవసరం లేకుండానే ఈ పనులు జరిగిపోతాయి. పెట్టుబడికి చెరకయినా, కల్పిత వీరుడయినా రాబడినిచ్చే తోటే. తోట రాబడి అనుమానంలో పడినప్పుడు పెట్టుబడి ఇంకో తోట వెతుక్కుంటుంది. బూకర్ రచయితల హక్కులు కొనడానికి ఒక విభాగమే నడిపింది. అగాథా క్రిస్టీ కంపెనీలోనూ పెద్ద వాటా కొన్నది. గయానాలోని బూకర్ ఆస్తులు 1976లో జాతీయమయ్యాయి. బాండ్‌ను జాతీయం చేసేవాళ్ళు లేరు.

ఇక ఫ్లెమింగ్ చనిపోయాక జరిగినది ఈ వెలుగులో చూస్తే తేలిగ్గా బోధపడుతుంది. తోటమాలి పోయాడని తోట ఎవరూ ఎండబెట్టుకోరు. మరో మాలిని పెట్టుకుంటారు. 1968లో కింగ్స్‌లీ ఏమిస్ ‘కర్నల్ సన్’ రాశాడు. పుస్తకంమీద అతని పేరు లేదు, రాబర్ట్ మార్కమ్ అని ఉంది. అవసరమైతే రేపు ఇంకెవరైనా అదే పేరుతో రాయవచ్చునన్నది ఆలోచన. ఫ్లెమింగ్ భార్య ఆన్‌కు ఈ ఏర్పాటు ఇష్టం లేదు. ఆమె ఇష్టానిష్టాలతో పని జరగలేదు. ఏమిస్ యౌవనంలో కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు, అప్పటికి కుడివైపు తిరిగినవాడు. అతని నవలలో శత్రువు చైనా కర్నలు. గ్రీసులో కథ నడుస్తుంది; సోవియట్ తరఫున పనిచేసే గ్రీకు యువతి బాండ్‌కు తోడు వస్తుంది. ప్రపంచ కమ్యూనిస్టు ఉద్యమంలో వచ్చిన చీలికను గూఢచారి నవల ఎంత చప్పున సరుకు చేసుకున్నదో గమనించండి. అప్పటికి ఏడాది కిందటనే, 1967 ఏప్రిల్‌లో, గ్రీసులో సైనిక నియంతలు గద్దె ఎక్కారు. బాండ్‌కు గ్రీసులో కనబడిన ప్రమాదం మాత్రం చైనాది. అలాగని నవలగా అది చేతకాని రచన కాదు. ఫ్లెమింగ్ చివరి నవలకన్న బిగువుగానే ఉంటుంది. అదే మనం ఆలోచించవలసిన సంగతి: మంచి శిల్పి కూలికి కుదిరితే శిల్పం చెడిపోదు, తరఫు మారుతుంది.

తర్వాత జాన్ గార్డనర్ 1981 నుంచి 1996 దాకా 14 సొంత నవలలు రాసి, సంఖ్యలో సృష్టికర్తనే మించిపోయాడు. అతని కాలంలోనే, 1991లో, సోవియట్ యూనియన్ కూలిపోయింది. గూఢచారి ఉద్యోగం పోలేదు. 1997లో అమెరికన్ రచయిత రేమండ్ బెన్సన్ వచ్చాడు. 2011లో జెఫ్రీ డీవర్ బాండ్‌ను అఫ్గానిస్తాన్ యుద్ధంలో పనిచేసిన కుర్రవాడుగా మళ్ళీ పుట్టించాడు. శత్రువు మారాడు, యుద్ధం మారింది, నాయకుడి పుట్టిన సంవత్సరం కూడా మారింది. మారనిది ఒకటే: రాజ్యం ఎవరిని చంపమంటే వాళ్ళు చంపదగినవాళ్ళే అన్న నమ్మకం. ఈ పరంపరలో వారసత్వంగా అందినది శైలి కాదు, ఈ నమ్మకమే.

కొత్త రచన మాట అలా ఉండగా, పాత రచన కూడా యజమాని చేతిలోదే. 1990ల చివర ఫ్లెమింగ్ కుటుంబం బూకర్ నుంచి వాటా తిరిగి కొనుక్కుంది. 2023లో ఆ కుటుంబ సంస్థే నవలలను మళ్ళీ అచ్చువేస్తూ, నల్లజాతివాళ్ళను కించపరిచే మాటలు కొన్ని తీసివేయించింది. ఆ మాటలు దుర్మార్గమైనవే. వాటిని తుడిచివేస్తే సామ్రాజ్యం తన బానిసల వారసుల గురించి ఎలా మాట్లాడిందో చెప్పే సాక్ష్యం కూడా తుడుచుకుపోతుంది. యజమాని చేతిలో కలంతోపాటు రబ్బరు కూడా ఉంది.

మరొకరి రచనను కొనసాగించడమే తప్పు అనే వాదన తెలుగువాళ్ళకు నప్పదు. నన్నయ వదిలిన భారతాన్ని తిక్కన, ఎర్రన పూర్తిచేశారు. మన ఉత్తరాంధ్రలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ‘బీనాదేవి’ అన్నది భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతుల ఉమ్మడి కలం పేరు. 1990లో నరసింగరావు పోయాక ఆమె అదే పేరుతో రచన సాగించారు. ఆ పేరును ఆమె ఎవరి దగ్గరా కొనలేదు. మొదటినుంచీ అందులో ఆమె శ్రమ ఉంది, ఆమె చూపు ఉంది. ఇంగ్లీషులోనూ 2020లో పోయిన జాన్ లె కారె గూఢచారి స్మైలీని అతని కొడుకు నిక్ హార్కవే 2024లో కొత్త నవలలోకి తెచ్చాడు. తండ్రి తన రాజ్యాన్నే అనుమానించిన రచయిత. కొడుకు కొనసాగింపును కూడా ఆ అనుమానం మిగిలిందా లేదా అన్న కొలతతోనే కొలవాలి.

ఇప్పుడీ ప్రశ్న మన ముంగిట్లోకే వచ్చింది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాదినుంచి లెక్కిస్తే 60 సంవత్సరాలకు కాపీరైటు తీరిపోతుంది. ఆ లెక్కన ఫ్లెమింగ్ బతికుండగా అచ్చయిన పుస్తకాలు 2025 జనవరి 1 నుంచి భారతదేశంలో అందరివీ అయ్యాయి. పేరుమీద ట్రేడ్‌మార్కు హక్కులు, సినిమా హక్కులు వేరు. సినిమాల సృజనాధికారం తన చేతికి వస్తున్నట్లు 2025 ఫిబ్రవరిలో అమెజాన్ ప్రకటించింది. చెరకు కంపెనీ పోయి సమస్త సరుకుల కంపెనీ వచ్చింది.

హక్కు తీరిపోయింది కదా అని తెలుగులో మరో నకలు బాండ్‌ను రాయబోయేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1969లో మొదలైన బూకర్ బహుమతి 1972లో జాన్ బర్జర్‌కు వచ్చింది. ఆ సొమ్ము కరీబియన్ కూలీల శ్రమనుంచి వచ్చిందని సభలోనే చెప్పి, అతను అందులో సగం లండన్‌లోని బ్లాక్ పాంథర్లకు ఇచ్చాడు. సొమ్ము ఎక్కడిదో అడిగిన రచయిత అతను. మనం కథ ఎక్కడిదో అడగాలి. 1953 అక్టోబరులో జార్జ్‌టౌన్ రేవులో దిగిన బ్రిటిష్ సైనికులను గట్టుమీద నిలబడి చూసిన చెరకు కూలీ కథ ఉంది. వాళ్ళ తాతలు ఏ తెలుగు ఊరినుంచి ఓడ ఎక్కారో ఆ కథ అడుగుతుంది. గూఢచారి అందులో కూడా ఉంటాడు. అయితే అక్కడ అతన్ని కనిపెట్టి చూసేది ఆ కూలీ.