రెండు పద్దుల బిల్లు

ఖజానా శాఖలో ముప్పై నాలుగేళ్ళు బిల్లులు సరిచూసిన వాణ్ణి. 2019లో అమెరికాలో మా బావగారింటికి వెళ్ళినప్పుడు ఆయన వైద్య బిల్లు కంటబడింది. అందులో రెండు పద్దులు. 92557, అంటే వినికిడి పరీక్ష: మెడికేర్ మంజూరు చేసింది. 92595, అంటే రెండు చెవుల యంత్రాలను చిన్న పెట్టెలో ఉంచి, శబ్దం ఎంత పెంచుతున్నాయో కొలిచే పరీక్ష: తిరస్కృతి.

దీని మూలం 1965లో ఉంది. ఆ జూలై 30న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన మెడికేర్ చట్టం వినికిడి యంత్రాలను, వాటి కోసం చేసే పరీక్షలను మినహాయించింది. జబ్బు తెలుసుకోవడానికి డాక్టరు రాసిన పరీక్షకు సొమ్ము వస్తుంది. యంత్రం సరిచూడడానికి రాదు. మూల మెడికేర్‌లో ఈ మినహాయింపు నేటికీ తొలగలేదు.

ఆ తిరస్కృతి చూసిన తరువాత బావగారు మళ్ళీ పరీక్షకు వెళ్ళలేదు. ఒక యంత్రం మూగబోతే రెండూ సొరుగులో పెట్టేశారు. మనవరాలు పిలిస్తే పలికేవారు కాదు. పట్టుబట్టి సొంత ఖర్చుతో పరీక్ష చేయించాను. తీరా చూస్తే, గులిమి అడ్డుపడింది, అంతే!

మిత్రులారా, అక్కడ స్థిరపడిన మన వాళ్ళకు చెప్పండి: ఏ పద్దు కింద రాస్తారో పరీక్షకు ముందే అడగాలి. డబ్బు రాదని మాత్రం పరీక్ష మానకూడదు.